రూళ్లకర్ర కుట్టిన కోటు

ఆ ఎండాకాలం మా వార్డుకి ఎన్నికలొచ్చినప్పుడు మా కొట్టు అద్దాలు పగలడం ఖాయమనుకున్నాను. ఎవడో రాయి విసురుతాడు, లేదా మా అబ్బాయే ఉన్నమాట మొహం మీద అనేసి తగువు తెచ్చుకుంటాడు, పోలీసులొస్తారు, పేపర్లో పడుతుంది, మేమిద్దరం మూటాముల్లే సర్దుకుని ఏ ఊరికో పోవాలి. నా మనసు అంతే. ఒక్క అడుగు వెయ్యమంటే పది అడుగులు ముందుకి పరిగెత్తి గోతిలో పడి కూర్చుంటుంది. గిన్నె మీద మూత కింద పడినా ముందు గుండె పట్టుకుంటాను, తర్వాత మూత తీస్తాను.

మావాడికి అప్పటికి నలభై ఆరు. పెళ్లి కాలేదు. "కాలేదు అనకు, చేసుకోలేదు అను" అంటాడు. ఏమన్నా ఒకటే, ఇంట్లో మేమిద్దరమే. వాడు ఆడవాళ్ల బట్టలు కుడతాడు. గౌన్లు, కోట్లు, పొడుగు చొక్కాలు, ఆఫీసులకి వెళ్లేవాళ్ల పంట్లాలు. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. మధ్యలో ఆకుపచ్చ తెర. వీధిలో వాళ్లంతా ఎదురుగా మాస్టారు అంటారు, వెనకాల రూళ్లకర్ర అంటారు. ఆ పేరు వాడికి తెలుసు. "రూళ్లకర్ర వంకరగా ఉంటే బట్ట ఏమవుతుంది?" అని లోలోపల సంతోషిస్తాడు.

వాడి కుట్టుకి ఒక పద్ధతి ఉంది. పరాయి ఆడమనిషి ఒంటి మీద టేపు వెయ్యడు. ఆడవాళ్ల బట్టలే కుట్టేవాడు ఈ మాటంటే కొట్టు మూసుకోవాల్సిందే. నేనున్నాను కాబట్టి నడిచింది. తెర లోపల నేను కొలుస్తాను, అంకె పైకి చెబుతాను. తెర అవతల వాడు స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుని పుస్తకంలో రాసుకుంటాడు. ట్రయల్ వేసుకున్నప్పుడూ అంతే. ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు నేనే చూసి చెప్పాలి. వాడు కుట్టిన బట్ట మనిషి మీద ఎలా ఉందో వాడు చూడాలంటే ఆ మనిషి ఎప్పుడో వీధిలో దూరంగా నడిచి వెళ్లాలి.

ఇందులో నా చెయ్యి కూడా ఒకటుంది. నేను అంకె పైకి చెబితే బెంచీ మీద కూర్చున్న మిగతా ఆడవాళ్లందరికీ వినపడుతుంది. నడుము ముప్ఫై ఎనిమిది అని ఎలా అరుస్తాను? కొలిపించుకునే పిల్ల మొహం వాడిపోతుంది, మళ్లీ రాదు, వాళ్లక్కనీ రానివ్వదు. అందుకని ముప్ఫై ఏడు అనేదాన్ని. ఒక్కసారి కూడా గౌను బిగుసుకోలేదు. ఎందుకంటే వాడు నేను చెప్పిన నడుముకి అంగుళం కలుపుకుని కత్తిరించేవాడు. ఇరవయ్యేళ్లుగా నేను తగ్గించడం, వాడు కలపడం. ఈ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నాకున్న భయాలన్నిటికీ తల్లిలాంటి భయం ఇక్కడే ఉంది. నేను పోయాక వీడికి అంకెలు చెప్పేదెవరు? అంకెలే కాదు, తలుపు వేశావా అని అడిగేదెవరు, ఇంకో ముద్ద తినమనేదెవరు? అడిగితే నవ్వుతాడు. "నువ్వు పోవు లేమ్మా. పోతే అక్కడ ఏమవుతుందోనని నీకు భయం" అంటాడు.

వాడి అభిప్రాయాలు వాడివి. గోడవైపు తిరిగి కూర్చున్నా నోరు మాత్రం అందరివైపే తిరిగి ఉంటుంది. ఆ వేసవి మొదట్లో ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ గౌను కొలతలకి వచ్చింది. మాటల్లో మాటగా, "అతనితో రెండేళ్లుగా తిరుగుతున్నాను పిన్నిగారూ, ఇంకా ఏమీ తేల్చుకోలేదు" అంది.

తెర అవతల నుంచి వీడు అందుకున్నాడు. "రెండేళ్లు తిరిగినా తేలకపోతే ఎలాగమ్మా? ముందు తిరగడం, తర్వాత ఆలోచించడం. బట్ట కత్తిరించాక కొలత తీసినట్టుంది మీ వరస."

"మీరేమో కొలతలు తీసి తీసి బట్టే కొనలేదు కదా మాస్టారూ!" అంది నర్సమ్మ.

బెంచీ మీద ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వీడు గొంతు సవరించుకుని, "చెయ్యి పొడవెంతమ్మా?" అని నన్నడిగాడు.

పాటల సంగతి అడగొద్దు. పాటలో గాయకుడు ఊపిరి తీసుకోవడానికి చోటుండాలంటాడు. ఇప్పటి పాటల్లో వినేవాడికి కూడా ఊపిరి ఆడదట. కాలేజీ పిల్లొకతె మోకాళ్ల దగ్గర చిరుగులున్న కొత్త పంట్లాం తెచ్చి పొడుగు తగ్గించమని ఇచ్చి వెళ్లింది. వీడు పొడుగు తగ్గించి, చిరుగులు రెండూ దారానికి దారం కలిపి చక్కగా పూడ్చి ఇచ్చాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఏడిచింది. ఎందుకేడుస్తోందో వీడికి ఈరోజుకీ అర్థం కాలేదు.

రాజకీయంలో మావాడిది పాత పార్టీ. వాళ్ల తాత, నాన్న, వీడు. పార్టీ క్యాలెండరు తప్ప ఇంకోటి గోడకి ఎక్కలేదు. "ప్రభుత్వం ఇంటి పైకప్పులాంటిదమ్మా. మార్చాలని సరదా పుట్టినప్పుడల్లా పీకకూడదు" అనేవాడు. ఆ ఏడు వార్డు కౌన్సిలరుగా కొత్త పార్టీ తరఫున నిలబడిందెవరో తెలిసినప్పుడు కత్తిరిస్తున్న బట్ట సగంలో వదిలి కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

నిలబడింది రేడియో ఆవిడ.

ఊళ్లో ఆవిడ గొంతు తెలియనివాళ్లు లేరు. ఇరవయ్యేళ్లుగా రోజూ సాయంత్రం ఐదింటికి కొత్త పాటలు వేసేది. ప్రేమలో పడ్డవాళ్లు ఉత్తరాలు రాస్తే చదివి సలహాలు చెప్పేది. "బాగున్నారా అందరూ?" అని మొదలుపెట్టేది. మావాడు "బాగున్నారా" దాకా విని, "ఇంతవరకు బాగానే ఉన్నాం" అని టక్కున రేడియో కట్టేసేవాడు. అదొక అలవాటు. ఐదయిందని మాకు తెలిసేది అలాగే. వీడికి పడని మూడూ ఆ ఒక్క మనిషిలోనే ఉన్నాయి. కొత్త పాటలు, ప్రేమ సలహాలు, కొత్త పార్టీ.

ఎన్నికలకి నెల ముందు ఒక మధ్యాహ్నం కొట్టు తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. వెనకాల ఇద్దరు ఆడవాళ్లు, చేతుల్లో కరపత్రాల కట్టలు. ఆవిడ లోపలికొస్తూనే, "బాగున్నారా?" అంది.

మిషను మీద వంగి ఉన్న మావాడి చెయ్యి దానంతటదే అరమీది రేడియో మీదికి వెళ్లింది. రేడియో మోగడం లేదు. వాడు తలెత్తి చూశాడు. ఇక ఇప్పుడు మొదలవుతుంది, అద్దాలు ఇవాళే పోతాయి అనుకున్నాను.

"మీరు కుట్టిన కోటు మా తపాలా ఆఫీసావిడ వేసుకుని వచ్చింది మాస్టారూ. ఆవిడకి గూని. కోట్లో గూని కనపడలేదు. నాకూ ఒకటి కావాలి. ఇరవై రోజుల్లో హాల్లో మీటింగు, పోటీలో ఉన్నవాళ్లందరం ఒకే వేదిక మీద నిలబడాలి" అంది.

వాడు లేచి నిలబడ్డాడు. "నేను పాత పార్టీ అండీ" అన్నాడు.

"క్యాలెండరు చూశాను" అంది ఆవిడ. "కోటుకి పార్టీ ఉండదనుకున్నాను. ఉంటే చెప్పండి, వెళ్తాను."

వాడు గోడవైపు చూశాడు, నావైపు చూశాడు. "అమ్మా, కొలతలు" అని స్టూలు మీద తిరిగి కూర్చున్నాడు.

తెర లోపల ఆవిడ పైచొక్కా విప్పి నిలబడింది. నలభై మూడు, నలభై నాలుగుంటాయి. చెవి దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు, రంగు వెయ్యలేదు. ఎడమ భుజం కిందికి జారి ఉంది. కొద్దిగా కాదు, నా రెండు వేళ్లంత. నడుము నుంచి భుజం పైకి కొలిచాను. కుడి పదిహేడు. ఎడమ పదహారు కూడా లేదు.

బయట బెంచీ మీద ఆవిడ మనుషులిద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. రేపు ఓట్లడగాల్సిన మనిషి ఒంట్లోని వంకర నేను వీధికి ఎలా చాటుతాను?

"పదిహేడు" అన్నాను. "రెండోదీ పదిహేడే."

తెర అవతల పెన్సిలు కదిలిన చప్పుడు. ఆవిడ నావైపు ఒకసారి చూసింది. నడుము దగ్గర మామూలుగానే అంగుళం తగ్గించి చెప్పాను. వాడు మామూలుగానే కలుపుకుని ఉంటాడు. కానీ భుజానికి వాడేం కలుపుకుంటాడు? ఇరవయ్యేళ్లలో నేను భుజం తప్పు చెప్పలేదు.

వారం తర్వాత ట్రయల్. ముదురు నీలం బట్ట, కచ్చా కుట్లతో తెల్లదారం పైకి కనపడుతూ ఉంది. ఆవిడ వేసుకుని అద్దం ముందు నిలబడింది. కుడివైపు అచ్చుగుద్దినట్టుంది. ఎడమవైపు భుజం మీద బట్ట గుడారంలా లేచి, కింద అంచు జారి, గుండీల వరస పక్కకి ఒరిగింది. మంచి కోటే. ఇంకెవరిదో.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు వాడు గోడవైపు నుంచి.

"బాగానే..." అన్నాను.

"పిన్నిగారూ" అంది ఆవిడ మెల్లగా, "ఇది ఎవరి కోటండీ?"

నేను ఎడమవైపు అంచు కిందికి లాగి సరిచెయ్యబోయాను.

"నా ఎడమ భుజం కిందికుంటుంది. పదకొండో ఏట మేడ మెట్ల మీంచి పడ్డాను. మీరు చూశారు. చూసి కూడా పదిహేడే అన్నారు."

"ఆరోజు బయట నీ మనుషులున్నారు కదమ్మా. పైకి చెప్పడానికి నోరు రాలేదు" అన్నాను.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. "నా మనుషులకి తెలుసు. ఎదుటి పార్టీకి ఇంకా బాగా తెలుసు, బొమ్మ వేసి మరీ పంచుతున్నారు. ఈ ఊళ్లో తెలియంది మీ అబ్బాయికొక్కడికే." తెరవైపు తిరిగి గొంతు పెంచింది. "మాస్టారూ, ఇటు తిరిగి చూడండి."

"అది నా పద్ధతి కాదండీ."

"పద్ధతి మంచిదే. కోటు బాగోలేదు."

ఆ కాసేపట్లో నేను అనుకోని అరిష్టం లేదు. వాడు డబ్బాలోంచి కత్తెర తీసి బట్ట ముక్కలు చేసేస్తాడనుకున్నాను. కొట్టు మూసేస్తాడనుకున్నాను. ఆవిడ బయటికెళ్లి అందరికీ చెబుతుందనుకున్నాను.

స్టూలు కిర్రుమంది.

"అమ్మా, తెర తియ్యి" అన్నాడు.

తీశాను. వాడు వచ్చి మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆవిడ మొహం చూడలేదు. భుజం చూశాడు. ఇంట్లో దీపం వెలగకపోతే తీగ ఎక్కడ తెగిందా అని చూస్తారే, అలా చూశాడు. సుద్దముక్క తీసుకున్నాడు.

"అమ్మా, నువ్వు పక్కనే నిలబడు" అన్నాడు. తర్వాత ఆవిడతో, "ఊపిరి పీల్చండి. వదలండి. చెయ్యి పైకెత్తండి, మీటింగుల్లో ఎత్తినట్టు."

"నినాదం కూడా ఇవ్వమంటారా?"

"వద్దండీ. చెయ్యి చాలు."

సుద్ద కొసతో మెడ దగ్గర్నించి చెయ్యి మొదలు దాకా ఒక్క గీత గీశాడు. వేలు తగల్లేదు. ఎడమవైపు భుజం లోపల మెత్త ఎంత మందం పెట్టాలో, అంచు ఎంత ఎత్తాలో పుస్తకంలో రాసుకున్నాడు. ఆవిడ వెళ్లాక నేను తిట్లకి సిద్ధపడి వంటింట్లో నిలబడ్డాను. వాడొచ్చి మంచినీళ్లు తాగి, "అంగుళం సంగతి నాకు తెలుసమ్మా. భుజం సంగతి కూడా ఏదో ఒకలా చెప్పి ఉంటే కలుపుకునేవాణ్ణి కదా" అన్నాడు. అంతే.

రెండో ట్రయల్‌కి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఎండకి మొహం కందిపోయి ఉంది. నేను మంచినీళ్లిచ్చాను. తెర వెయ్యబోతే వాడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు సరిచేస్తున్నాడు, నేను కోటు వీపు పట్టుకుని నిలబడ్డాను.

"నా ప్రోగ్రాం వింటారా మాస్టారూ?" అంది.

వాడు సూదులు తీసి చేతిలో పెట్టుకున్నాడు. "బాగున్నారా దాకా వింటానండీ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీ పాటలొస్తాయి."

"పోనీ ఉత్తరాలైనా వినాల్సింది. పాటలకంటే అవే బాగుంటాయి."

"ప్రేమించుకునేవాళ్లకి సలహాలు చెబుతారట కదా. మీకు పెళ్లయిందా?" అన్నాడు వాడు.

నేను వీపు వెనకాల కళ్లు మూసుకున్నాను. ఎవరైనా అడుగుతారా ఆ మాట, అదీ అలాగా?

"లేదు" అంది ఆవిడ.

"మరి ఏ అర్హతతో చెబుతున్నారు?"

"మీరు ఇరవయ్యేళ్లుగా గౌన్లు కుడుతున్నారు కదా. ఎప్పుడైనా వేసుకున్నారా?"

ఒక్క నిమిషం వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. చేతిలో సూదులు నేల మీద చెల్లాచెదురయ్యాయి. అది వీధిలో వాళ్లతో నవ్వే నవ్వు కాదు. వాళ్ల నాన్న ఉన్నప్పుడు, ఇదే గదిలో, ఇదే మిషను పక్కన విన్న నవ్వు. ఆవిడ కూడా వంగి సూదులు ఏరడం మొదలుపెట్టింది, కోటు కుట్లు ఊడతాయని వాడు వద్దంటున్నా వినకుండా. నేను నిలబడి చూస్తున్నాను. నా గుండె దడదడలాడింది. భయమనుకున్నాను మొదట. భయం నాకు బాగా తెలుసు. ఇది భయం కాదు. ఆశపడటం నాకు అలవాటు లేక పోల్చుకోలేకపోయాను.

పోల్చుకున్నాక ఇంకా భయం వేసింది. ఇరవయ్యేళ్లలో మొదటిసారి వాడికి సమానంగా మాట చెప్పే మనిషి దొరికింది. కోటు పూర్తవుతుంది, ఆవిడ పట్టుకెళ్తుంది, ఇక ఏం పని ఉండి వస్తుంది? వాడు నోరు తెరిచి అడుగుతాడా? రూళ్లకర్ర వంగుతుందా?

మీటింగు రెండు రోజులుందనగా పాత పార్టీ గొడుగు పెద్దమనిషి వచ్చాడు. ఎండకీ వానకీ నల్లగొడుగు వదలడు కాబట్టి ఆయనకా పేరు. మావాడి నాన్నతో కలిసి తిరిగినవాడు. వెంట ఇంకొకాయన. కోటు చెక్కబొమ్మ మీద వేసి ఉంది, కాజాలు మాత్రం మిగిలాయి.

"ఏం నాయనా, ఎదుటివాళ్లకి కుడుతున్నావట" అన్నాడు గొడుగాయన కుర్చీలో కూర్చుంటూ.

"అవును బాబాయ్. పని."

"పనే. కాదనను. నువ్వు మనవాడివి, నీకు చెప్పేదేముంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆవిడ భుజం సంగతి జనంలోకి బాగా వెళ్లింది. వేదిక మీద కూడా కాస్త వంకరగా కనపడితే మన పని సగం అయినట్టే. నువ్వేమీ పాడుచెయ్యక్కర్లేదు. ఆ మెత్త ఒక్కటి తీసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

పక్కనున్నాయన జేబులోంచి కరపత్రం తీసి బల్ల మీద పరిచాడు. రేడియో ఆవిడని ఒరిగిన దీపస్తంభంలా వేశారు. కింద పెద్ద అక్షరాలు: "వంగినవాళ్ల చేతిలో వార్డా?"

నేను తెర పట్టుకుని నిలబడ్డాను. వాడు ఆ బొమ్మ చాలాసేపు చూశాడు. సరే అనరా, మెత్తే కదా, ఊళ్లో బతకాలి, అని నా మనసు అంటోంది. అనకురా అని కూడా అదే మనసు అంటోంది. అంతకుముందు నాకెప్పుడూ రెండు మాటలు వినపడలేదు, భయం ఒక్కటే మాట్లాడేది.

వాడు కరపత్రాన్ని అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి గొడుగాయన చేతిలో పెట్టాడు.

"నా ఓటు మీది బాబాయ్. తాత నాటి నుంచీ మీదే. ఈ భుజం నాది."

"అంటే?"

"అంటే కాజాలు కుట్టాలి. సాయంత్రానికి ఇవ్వాలి."

గొడుగాయన లేచాడు. "నీ ఇష్టం. రేపు ఏమన్నా అయితే మమ్మల్ని అనకు" అన్నాడు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసి నేను తలుపు గడియ పెట్టాను, కిటికీలు మూశాను, రెండు బకెట్ల నీళ్లు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను.

"నీళ్లెందుకమ్మా?"

"అంటిస్తే?"

"అంటిస్తే నీ రెండు బకెట్లు చాలవు. తలుపు తీసి కొట్టు తెరిచి పెట్టు. గాలాడక దారం తడిసిపోతోంది."

వాడు మిషను దగ్గర కూర్చోలేదు. కాజాలన్నీ చేత్తోనే కుట్టాడు. నేను తలుపు తీసి పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

మీటింగుకి వెళ్దామని వాడే అన్నాడు. వాడు మీటింగుకి వెళ్లడమా! "కోటు ఎలా కూర్చుందో చూడాలి" అన్నాడు. బడి హాలు కిటకిటలాడిపోతోంది. మొదట మైకుల్లో వీడికి పడని పాటలు హోరెత్తించారు. మామూలుగా అయితే లేచి వచ్చేసేవాడు. చెవులు మూసుకోకుండా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు, ఇంజక్షను కోసం వచ్చినవాడిలా.

వేదిక మీద నలుగురు. ముగ్గురు మాట్లాడారు. పాత పార్టీ ఆయన మాట్లాడుతూ తన భుజం ఒకటి కిందికి వంచి చూపించాడు. కొందరు నవ్వారు. నా పక్కన మావాడి మోకాలి మీది చెయ్యి బిగుసుకుంది.

తర్వాత ఆవిడ లేచి మైకు దగ్గరికొచ్చింది.

నేను చదువుకున్నదాన్ని కాదు, ఆవిడ చెప్పిన లెక్కలూ పథకాలూ నాకు గుర్తులేవు. నీళ్ల గొట్టాల గురించి చెప్పింది, ఆస్పత్రిలో మందుల వరస గురించి చెప్పింది. నేను చూసింది కోటు. ఆవిడ నిలబడింది, నీలం గీత రెండు భుజాల మీదా ఒక్కలా నడిచింది. పక్కకి తిరిగింది, నడిచింది. చివర్న చెయ్యి పైకెత్తింది. చెయ్యెత్తితే ఎలాంటి కోటైనా మెడ దగ్గర లేస్తుంది. అది లేవలేదు. ఇందాక నవ్వినవాళ్లు ఆ వంకర ఎక్కడా అని వెతుక్కున్నారు. నా ముందు వరసలో ఒకాయన పక్కవాడితో, "ఏదిరా, బాగానే ఉందిగా ఆవిడ. అబద్ధాలు వేశార్రా మనవాళ్లు" అన్నాడు. ఆ మాట వెనక్కి వెళ్లింది, పక్కకి వెళ్లింది. చప్పట్లు ఒక మూల మొదలై హాలంతా అంటుకున్నాయి.

అప్పుడు ఆవిడ మైకులో, "నా ఎడమ భుజం కిందికే ఉంటుంది. చిన్నప్పుడు పడ్డాను. లేదని ఎవరూ అనుకోవద్దు. దాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు, దాన్ని కొలిచి కుట్టినవాళ్లున్నారు. మీ వార్డు మీరు ఎవరి చేతికిస్తారో మీరే ఆలోచించుకోండి" అంది.

హాలు లేచి నిలబడింది. నేనూ లేచాను. మావాడు లేవలేదు. వాడి చూపు ఆ భుజం మీదే ఉంది, కళ్లు మాత్రం తడిశాయి. "చెమట" అన్నాడు నేను చూస్తే.

ఓట్లు వేసిన రోజు వీడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్లి వచ్చాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. లెక్కింపు రోజు మధ్యాహ్నం నేను రేడియో పక్కన కూర్చుని అంకె అంకెకీ నీరుగారిపోయాను. పాత పార్టీ ముందు, కొత్త పార్టీ ముందు, మళ్లీ పాత పార్టీ. నాలుగున్నరకి చెప్పారు. అరవై మూడు ఓట్ల తేడాతో ఆవిడ గెలిచింది.

వీధి వీధంతా బయటికొచ్చింది. ఇంకాసేపటికి మలుపు దగ్గర బాజాలు వినపడ్డాయి. ఊరేగింపు. లారీ మీద ఆవిడ, అదే నీలం కోటు, ఆ ఎండలో. ఇక అద్దాలు ఇప్పుడే పోతాయి, గెలిచినవాళ్లు పాత పార్టీ క్యాలెండరు చూస్తారు, అని నేను క్యాలెండరు దింపబోయాను.

"ఉండనీ అమ్మా" అన్నాడు వాడు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

లారీ మా కొట్టు ముందు ఆగింది. ఆవిడ దిగింది. బాజాలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆపారు. నర్సమ్మ, కాలేజీ పిల్ల, ఎదురింటివాళ్లు, కొంచెం దూరంలో గొడుగు ముడిచి పట్టుకున్న పెద్దమనిషి, అందరూ చూస్తున్నారు.

"గెలిచాను మాస్టారూ" అంది.

"విన్నానండీ. రేడియో కట్టకుండా విన్నాను" అన్నాడు వాడు. కాసేపాగి, "ముందే చెప్పడం మంచిది. నేను మీకు వెయ్యలేదు" అన్నాడు.

జనంలో గుసగుసలు. నేను గోడకి చేరబడ్డాను. అయిపోయింది. నోటిదాకా వచ్చిన దాన్ని నోరే పాడుచేసింది.

"తెలుసు" అంది ఆవిడ. "వేసి ఉంటే నాకు నచ్చేది కాదు." ఆవిడ మొహం ఎర్రబడింది, ఎండకి కాదు. "ఎల్లుండి ఆదివారం. మీకు ఖాళీయేనా? ఎక్కడికీ తిరగనక్కర్లేదు. మా అన్నయ్య ఇంటికి వచ్చి కూర్చోండి. వెలుతురుండగానే."

మావాడు నలభై ఆరేళ్లుగా అన్నిటికీ అభిప్రాయం ఉన్నవాడు. పాటల మీద ఉంది, ప్రభుత్వం మీద ఉంది, ప్రేమించుకునేవాళ్లందరి మీదా ఉంది. ఇప్పుడు నోరు తెరిచాడు, మూశాడు. వీధంతా ఎదురుచూస్తోంది.

"మా అమ్మని అడగాలి" అన్నాడు చివరికి.

వాడి వెనకనుంచి నేను ఎలా బయటికొచ్చానో నాకు తెలియదు. ఎవరైనా ఏమనుకుంటారో అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మెట్టు మీద నిలబడి, బాజాలవాళ్లకి కూడా వినపడేలా అరిచాను.

"ఖాళీయే! ఆదివారం ఖాళీయే, ఆ పై ఆదివారం ఖాళీయే, వాడు పుట్టినప్పట్నుంచీ ఖాళీయే!"

నవ్వులో బాజాలు మళ్లీ మొదలయ్యాయి. నర్సమ్మ ఈల వేసింది. గొడుగాయన కూడా నవ్వాడు, నేను చూశాను. ఆవిడ మావాడివైపు చూసింది, వాడు తలొంచుకుని, "నాలుగింటికి" అన్నాడు.

లారీ కదిలింది. వాడు గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. వెనకనుంచి చూస్తే అప్పుడు కనపడింది నాకు. వాడు వేసుకున్న చొక్కా కాలరు అరిగి తెల్లబడింది. మోచేతి దగ్గర అతుకు. ఊరందరి బట్టలూ కుట్టినవాడు తన ఒంటికి కొత్తబట్ట పెట్టి ఎన్నేళ్లయిందో లెక్క లేదు.

"ఒరేయ్" అన్నాను, "ఎల్లుండికి ఏం వేసుకుంటావురా?"

వాడు తన చొక్కావైపు మొదటిసారి చూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా పెంపకం అప్పుడు బయటపడింది వాడిలో.

నేను మాత్రం నవ్వుతూ లోపలికెళ్లి బీరువా తలుపులు రెండూ తెరిచాను.